నీటి అడుగున ఊపిరి: గాలి సిలిండర్ల పేర్లు, వాటి అర్థాలు

సముద్రంలోకి దిగే గజ ఈతగాని వీపున కనిపించే లోహపు పాత్రను పత్రికలు తరచు ‘ఆక్సిజన్ సిలిండర్’ అని పేర్కొంటాయి. సాధారణంగా అందులో ఉండేది ఆక్సిజన్ కాదు. మనం నిత్యం పీల్చే గాలినే వడపోసి, అధిక పీడనంతో కుదించి నింపుతారు. నీటిలో సుమారు 6 మీటర్ల లోతు దాటితే స్వచ్ఛమైన ఆక్సిజన్ విషతుల్యమై మూర్ఛ కలిగించగలదు. కనుక ఈ పొరపాటు కేవలం భాషకు సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది.

1943లో ఫ్రాన్సులో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్‌లు రూపొందించిన శ్వాసపరికరం, ఈతగాడు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, పరిసర పీడనానికి సమంగా గాలిని అందిస్తుంది. 1980లలో ద్వారక సముద్రతీరంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ జరిపిన పురావస్తు అన్వేషణకు ఇటువంటి సాధనాలే ఆధారమైనాయి.

ఈ పాత్రను బ్రిటన్‌లో ‘సిలిండర్’ లేక ‘బాటిల్’ అనీ, అమెరికాలో ‘ట్యాంక్’ అనీ అంటారు. ట్యాంక్ అనే మాటకు గుజరాతీ, మరాఠీ భాషల్లో జలాశయాన్ని సూచించే పదాలు మూలమని నిఘంటుకారులు చెబుతారు. హైదరాబాదులోని ‘ట్యాంక్ బండ్’ అన్న పేరులో ఆ పాత అర్థమే నిలిచి ఉన్నది.

కొలతల విషయంలోనూ భేదం కలదు. ఐరోపాలో ‘12 లీటర్ల సిలిండర్’ అంటే 12 లీటర్ల నీరు పట్టే పాత్ర. దానిని 200 బార్ల పీడనంతో నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. అమెరికాలో నిండిన గాలి పరిమాణాన్నే ఘనపు అడుగుల్లో చెబుతారు. అక్కడి ‘అల్యూమినియం 80’లో పట్టే గాలి సుమారు 77 ఘనపు అడుగులు, నీరైతే సుమారు 11 లీటర్లే.

ఉపరితలంపై నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే వ్యక్తికి 20 మీటర్ల లోతున, పీడనం మూడింతలు కావడంచేత, 60 లీటర్లు కావాలి. అంటే 2,400 లీటర్లు 40 నిమిషాలకు చాలుతాయి. నాలుగోవంతు అత్యవసరానికి మిగిల్చితే 30 నిమిషాలే.

లోహాన్ని బట్టి సిలిండర్లు ఉక్కువి, అల్యూమినియంవి అని ప్రధానంగా రెండు విధాలు. గాలి తరిగినకొద్దీ అల్యూమినియం సిలిండర్ నీటిలో పైకి తేలజూస్తుంది. ఉక్కు సిలిండర్ సాధారణంగా తేలదు. అందుకు తగినట్లు ఈతగాడు నడుమున కట్టే బరువును సవరించుకోవాలి.

ఉపయోగాన్ని బట్టి వేరే పేర్లు వచ్చాయి. వీపున జంటగా బిగించేవి ‘ట్విన్ సెట్’. పక్కలకు తగిలించుకునేవి ‘సైడ్ మౌంట్’. ప్రధాన సరఫరా విఫలమైతే ఆదుకునే చిన్నది ‘పోనీ’. లోతైన నిమజ్జనంలో, మార్గమధ్యంలో లేక పైకి వచ్చేటప్పుడు వాడే వాయువును ‘స్టేజ్’ సిలిండర్ మోస్తుంది. గాలిలో కన్న ఆక్సిజన్ పాలు హెచ్చుగా గల ‘నైట్రాక్స్’ నింపినప్పుడు, మిశ్రమపు శాతాన్నీ, దిగదగిన గరిష్ఠమైన లోతునూ పాత్రపై స్పష్టంగా రాయాలి.

1961లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన శాస్త్రీయ, సాంకేతిక పదావళి సంఘం, అంతర్జాతీయంగా స్థిరపడిన పదాలను వీలైనంత వరకు అలాగే స్వీకరించాలని నిర్దేశించింది. ఆ ప్రకారం ‘సిలిండర్’ను తెలుగులో అలాగే ఉంచి, దానికి ముందు లోపలి వాయువు పేరు చేర్చడం ఉచితం. పైకి వచ్చే దశలో, 6 మీటర్లు, అంతకు తక్కువ లోతులో వాడేందుకు కొందరు స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను వేరుగా తీసుకుపోతారు. ‘ఆక్సిజన్ సిలిండర్’ అన్న పేరు అటువంటి పాత్రకే తగును. తక్కినది ‘గాలి సిలిండర్’.