వెబ్ పుటకు చిరునామా, అన్వేషణకు సూచిక

గ్రంథాలయమున వేలకొలది గ్రంథములున్నను, వాని సంఖ్యలు సక్రమముగా లేనిచో కోరిన పుస్తకము చేతికి రాదు. అంతర్జాలమునకును ఇదియే వర్తించును. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్‌లో ప్రతి పుటకును ఒక చిరునామా ఉండును. దానినే యు.ఆర్.ఎల్. అందురు.

గూగుల్ వంటి అన్వేషణ యంత్రము మొదట లంకెల వెంబడి సంచరించి పుటలను తెచ్చుకొనును. పిదప వాని విషయమును గ్రహించి సూచికలో చేర్చుకొనును. మనము అడిగినప్పుడు ఆ సూచికనుండియే వెదకి చూపును. ఆ సూచికలో పుటకు ఆనవాలు దాని చిరునామాయే.

ఒకే వ్యాసము తేదీని బట్టి ఒక చిరునామాతోను, రచయితను బట్టి మరియొక చిరునామాతోను కనబడినచో, యంత్రము ఒకే పుటను పలుమార్లు చదువవలసి వచ్చును. ఈ చిక్కు తీర్చుటకై గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు 2009లో 'కెనానికల్' అను గుర్తును అంగీకరించినవి. అసలు చిరునామా ఏదియో అది యంత్రమునకు సూచించును.

ఇక భాష సంగతి. చిరునామాలో తెలుగు, ఉర్దూ మాటలను వాడవచ్చును. కాని లోపల అవి శాతపు గుర్తులతో కూడిన సంకేతములుగా మారును. తెలుగు సంకేతమొక్కటి తొమ్మిది గుర్తులు, ఉర్దూ అక్షరమొక్కటి ఆరు గుర్తులు అగును. గుణింతములతో కలిపి ఆరు సంకేతములు గల 'కళాశాల' 54 గుర్తులగును. కాఫ్, అలిఫ్, లామ్, జీమ్ అను నాలుగక్షరముల 'కాలిజ్' 24 గుర్తులగును. యంత్రము వీనిని గ్రహింపగలదు. కనుక నిడివికి వెరచి మాతృభాషను విడువ నక్కరలేదు. మాటలు కొద్దిగా నుంచి, నడుమ అడ్డగీత నుంచిన చాలును. అయితే చిరునామాలోని మాటలకంటె పుటలోని విషయమునకే యంత్రము ఎక్కువ విలువ నిచ్చును.

అన్నిటికంటె ముఖ్యము స్థిరత్వము. మంచి చిరునామా మారరాదని బెర్నర్స్-లీ 1998లోనే వ్రాసెను. వెబ్‌సైటును పునర్నిర్మించునప్పుడు పాత చిరునామాలను విడిచిపెట్టినచో, వచ్చినవారికి 404 అను సమాధానమే దక్కును. క్రమముగా ఆ పుట సూచికనుండియు తొలగిపోవును. 301 అను సంకేతముతో పాత దారిని క్రొత్త దారికి కలిపినచో ఈ నష్టము తప్పును.

కళాశాల సంచికలను అంతర్జాలమున నుంచదలచు కార్యవర్గము వారు ఈ విషయమును ముందుగానే నిర్ణయించుకొనుట మేలు. ముద్రిత ప్రతి ఏ బీరువాలోనైనను దొరకవచ్చును; చిరునామా పోయిన వ్యాసము మాత్రము ఉండియు లేనట్లే.