పెరటి ఈత కొలను: సేద్యపు కుంటకు భిన్నమైన రూపకల్పన

తెలుగు గ్రామాల్లో ఒక తరం క్రితం వరకు పిల్లలు దిగుడు బావుల్లోనూ, ఊరి చెరువుల్లోనూ ఈత నేర్చుకునేవారు. నడుముకు ఎండిన సొరబుర్ర కట్టుకుని, మెట్ల మీద నిలబడిన పెద్దల కనుసన్నల్లో నీటిలోకి దిగేవారు. గొట్టపు బావులు పెరిగి భూగర్భ జలాలు లోతుకు పోవడంతో అనేక దిగుడు బావులు ఎండిపోయాయి, కొన్ని పూడిపోయాయి. అదే కాలంలో ఉపాధి హామీ పథకం ద్వారా, పంట సంజీవని వంటి కార్యక్రమాల ద్వారా పొలాల్లో సేద్యపు కుంటలు విస్తృతంగా వచ్చాయి. వేసవి సెలవుల్లో పిల్లల చూపు సహజంగానే ఈ కుంటల మీద పడుతుంది. ఇంటి పెరటిలోనో, తోటలోనో కుటుంబమంతా ఈదుకునే కొలను కట్టుకోవాలన్న ఆసక్తి కూడా కొందరు రైతుల్లో కనిపిస్తున్నది. ఉన్న సేద్యపు కుంటనే ఈతకు వాడుకోవచ్చునా అన్న ప్రశ్న ఇటువంటి సందర్భంలో విస్తరణ శాస్త్రవేత్తకు ఎదురవుతుంది.

వాడుకోరాదన్నదే దీనికి సమాధానం. సేద్యపు కుంట పొలం మీద పారే ప్రతి నీటి బొట్టునూ పట్టి నిలిపేందుకు ఉద్దేశించినది. ఈత కొలనులోకి పొలం నీరు ఒక్క బొట్టు కూడా చేరకూడదు. కుంట పక్క వాలును మట్టి నిలకడను బట్టి నిర్ణయిస్తారు. కొలను అంచును మాత్రం నీటిలో పడిన పసివాడు ఎలా పైకి రాగలడన్న దానిని బట్టి నిర్ణయించాలి. ఈ రెండు భేదాలే పెరటి కొలను రూపకల్పనకు పునాది.

మొదటి ప్రశ్న: నీటిలో నుంచి బయటికి వచ్చే దారి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు.

సేద్యపు కుంటల పక్క వాలు సాధారణంగా 1:1 నుంచి 1.5:1 వరకు ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ పొర పరిచినప్పుడు నీటి మట్టం దగ్గర సన్నని నాచు పట్టి పాకుడు ఏర్పడుతుంది. 45 డిగ్రీల వాలులో పాకుడు పట్టిన ప్లాస్టిక్ మీద ఈత బాగా వచ్చిన పెద్దవారికి కూడా కాలు నిలవదు, చేతికి పట్టు దొరకదు. కాపాడటానికి దిగినవారు కూడా అదే వాలు మీద జారి నీటిలో చిక్కుకుపోతారు.

ఇందుకు పూర్తిగా భిన్నమైనది ఆలయాల కోనేరు. నాలుగు వైపులా మెట్లు ఉండటం వల్ల మనిషి ఎటు చేరినా కాలికి ఆధారం దొరుకుతుంది. పెరటి కొలనుకు ఈ సూత్రమే శ్రేష్ఠం. కనీసం ఒక పొడవాటి వైపు మొత్తం మెట్లు కట్టాలి. మెట్టు ఎత్తు 15 నుంచి 18 సెం.మీ., వెడల్పు 30 సెం.మీ. ఉండి, ఉపరితలం గరుకుగా ఉండాలి. మిగిలిన వైపుల్లో నీటి మట్టానికి కొద్దిగా పైన చేతితో పట్టుకునే కడ్డీ అమర్చాలి. లోతు ఒక చివర 0.6 మీ. వద్ద మొదలై రెండో చివర 1.5 మీ. మించకుండా క్రమంగా పెరగాలి. అడుగున ఆకస్మిక గుంటలు ఉండరాదు. కుటుంబ ఈతకు ఈ లోతు సరిపోతుంది. ఇందులోకి తలకిందులుగా దూకడాన్ని మాత్రం పూర్తిగా నిషేధించాలి.

కొలను చుట్టూ కనీసం 1.2 మీ. ఎత్తు కంచె తప్పనిసరి. నిలువు కడ్డీల మధ్య సందు 10 సెం.మీ. మించకూడదు. పిల్లలు కాలు పెట్టి ఎక్కేందుకు వీలిచ్చే అడ్డ కడ్డీలు ఉండరాదు. తలుపు బయటికి తెరుచుకుంటూ, వదిలిన వెంటనే తనంతట తానే మూసుకునేదై ఉండాలి.

స్థల ఎంపిక

పశువుల కొట్టం, పేడ కుప్ప, మరుగుదొడ్డి గుంత కొలనుకు ఎగువన ఉండకూడదు. మరుగుదొడ్డి గుంతకు కనీసం 15 మీటర్ల దూరం పాటించాలి. చెట్ల కింద కట్టిన కొలనులో రాలిన ఆకులు కుళ్లి పోషకాలు పెరుగుతాయి. విద్యుత్ తీగల కింద కొలను ఉండకూడదు. ఇంటి వంటగది కిటికీ నుంచో, వరండా నుంచో నీటి ఉపరితలం మొత్తం కనిపించే చోటు ఉత్తమం.

నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోవడం వల్ల గోడలు పగులుతాయి. అటువంటి చోట అడుగునా, గోడల వెనుకా నల్లమట్టిని తొలగించి గరుసు నింపి గట్టిపరచాలి. గోడల మందం, ఇనుము వివరాలను ఇంజినీరు నిర్ణయించాలి. వర్షాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చే నేలల్లో, కొలను ఖాళీగా ఉన్నప్పుడు కింది నీటి ఒత్తిడి అడుగును పైకి లేపుతుంది. తవ్వకానికి ముందే ఒక పరీక్ష గుంత తీసి వానాకాలపు నీటి మట్టాన్ని గమనించడం మంచిది.

కొలను అంచు చుట్టుపక్కల నేల కంటే 15 నుంచి 20 సెం.మీ. ఎత్తుగా ఉండాలి. దాని వెలుపల మళ్లింపు కాలువ తవ్వి, పొలం నీటిని పక్కకు పంపాలి. కొలనులో అధికమైన నీరు బయటికి పోయేందుకు అలుగు ఏర్పాటు చేయాలి.

మొక్కలతో నీటి శుద్ధి

మందులు లేకుండా మొక్కలతోనూ, సూక్ష్మజీవులతోనూ నీటిని శుద్ధి చేసే ఈత కొలనులు 1980ల నుంచి ఆస్ట్రియాలోనూ, తరువాత జర్మనీలోనూ వ్యాప్తి చెందాయి. ఈ విధానంలో కొలనును రెండు భాగాలు చేస్తారు. ఒకటి ఈత భాగం, రెండోది శుద్ధి భాగం. సాధారణంగా రెండింటి వైశాల్యం సమానంగా ఉంటుంది.

ఉదాహరణకు 8 మీ. పొడవు, 5 మీ. వెడల్పు గల ఈత భాగాన్ని తీసుకుందాం. సగటు లోతు 1.05 మీ. అయితే నీరు 42 ఘ.మీ. పట్టుతుంది. పక్కనే అంతే వైశాల్యంలో శుద్ధి భాగం ఉంటుంది. అందులో 40 సెం.మీ. మందాన కడిగిన కంకర, దానిపై 20 సెం.మీ. నీరు ఉంటాయి. కంకరలో ఖాళీలు 40 శాతం అనుకుంటే ఈ భాగంలో సుమారు 14 ఘ.మీ. నీరు ఉంటుంది. మొత్తం 56 ఘ.మీ., అనగా 56 వేల లీటర్లు.

ఈత భాగం ఉపరితలం నుంచి తీసిన నీటిని పంపు ద్వారా కంకర అడుగున ఉన్న రంధ్రాల గొట్టాల్లోకి పంపాలి. ఆ నీరు కంకర గుండా పైకి వచ్చి, విభజన గోడ మీదుగా తిరిగి ఈత భాగంలోకి చేరుతుంది. కంకరపై పెరిగే సూక్ష్మజీవుల పొర సేంద్రియ మలినాలను విచ్ఛిన్నం చేస్తుంది. మొత్తం నీరు రోజుకు ఒకసారి తిరగాలంటే గంటకు సుమారు 2,300 లీటర్ల ప్రవాహం చాలు. ఎత్తు తక్కువ కాబట్టి 100 వాట్ల లోపు పంపు ఈ పని చేయగలదు. పంపును నీటిలో కాక బయటి గదిలో ఉంచి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచే రక్షణ స్విచ్‌ను అమర్చాలి.

శుద్ధి భాగంలో తుంగ జాతులు, జమ్ము, వస, మెట్ట తామర నాటవచ్చు. మట్టి గానీ, పశువుల ఎరువు గానీ వేయరాదు. వేర్లు నేరుగా కంకరలోకి పోవాలి. గుర్రపుడెక్కను మాత్రం దరి చేరనీయకూడదు.

భాస్వరమే కీలకం

కొలను నీరు పచ్చబడటానికి ప్రధాన కారణం భాస్వరం. సహజ ఈత కొలనులకు మార్గదర్శకాలు రూపొందించిన జర్మనీలోని ఎఫ్.ఎల్.ఎల్. అనే భూదృశ్య పరిశోధన సంఘం, నీటిలో మొత్తం భాస్వరం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు మించరాదని సూచించింది. పై ఉదాహరణలోని 56 ఘ.మీ. నీటికి ఈ పరిమితి 0.56 గ్రాములు మాత్రమే. డి.ఎ.పి. ఎరువులో 46 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపంలో, అనగా మూలకంగా సుమారు 20 శాతం భాస్వరం ఉంటుంది. 3 గ్రాముల కంటే తక్కువ డి.ఎ.పి. కొలనులో పడినా పరిమితి మొత్తం చేరినట్లే. ఒక్క వానకు పొలం నుంచి కొట్టుకువచ్చే మట్టి, ఎరువు ఎంతటి మార్పు తెస్తాయో దీనిని బట్టి ఊహించవచ్చు. సేద్యపు కుంట నీరు ఏటా ఆకుపచ్చగా మారడం ఈ కారణం చేతనే. పంటకు ఆ నీరు మేలు చేస్తుంది, ఈతకు పనికిరాదు.

వేసవిలో ఆవిరి నష్టం మరో సమస్య. రోజుకు 8 మి.మీ. చొప్పున 80 చ.మీ. ఉపరితలం నుంచి 640 లీటర్లు ఆవిరవుతాయి. నెలకు ఇది 19 వేల లీటర్లు, అనగా కొలనులో మూడో వంతు. ఆవిరైనది నీరు మాత్రమే, అందులోని లవణాలు, పోషకాలు అక్కడే మిగులుతాయి. లీటరుకు 0.05 మి.గ్రా. భాస్వరం గల బోరు నీటితో ఈ లోటు భర్తీ చేస్తే నెలకు దాదాపు ఒక గ్రాము భాస్వరం అదనంగా చేరుతుంది. కాబట్టి బోరు నీటిని ముందుగా పరీక్ష చేయించాలి. 700 మి.మీ. వర్షం పడే ప్రాంతంలో 100 చ.మీ. ఇంటి కప్పు నుంచి, 80 శాతం నీరు చేతికి వస్తుందనుకుంటే, 56 ఘ.మీ. వాన నీరు లభిస్తుంది. తొలకరి జల్లులను వదిలివేసి తరువాతి నీటిని నింపుకోవడం అన్ని విధాలా మేలు.

చేరిన భాస్వరాన్ని బయటికి పంపే మార్గం మొక్కలను కోయడమే. ఎండు పదార్థంలో 0.2 శాతం భాస్వరం ఉందనుకుంటే, ఒక కిలో ఎండు పదార్థంతో 2 గ్రాములు బయటికి పోతుంది. కోసిన మొక్కలు గట్టు మీదే కుళ్లితే ప్రయోజనం లేదు. వాటిని కంపోస్టుగా మార్చి పొలానికి తరలించాలి.

ఉష్ణ ప్రాంతంలో అదనపు జాగ్రత్తలు

చల్లని దేశాల్లో రూపొందిన ఈ విధానాన్ని యథాతథంగా స్వీకరించడం ప్రమాదకరం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మి.గ్రా. ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఇది 7.5 మి.గ్రా.కు తగ్గుతుంది. తెల్లవారుజామున ఇంకా తక్కువగా ఉంటుంది. కాబట్టి పంపును రాత్రి వేళ కూడా ఆపకూడదు.

అంతకంటే గంభీరమైనది నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా. వెచ్చని మంచినీటిలో పెరిగే ఈ సూక్ష్మజీవి, నీరు ముక్కులోకి పోయినప్పుడు మెదడుకు చేరి ప్రాణాంతకమైన వ్యాధి కలిగిస్తుంది. నీరు తాగడం వల్ల ఈ వ్యాధి రాదు, మనిషి నుంచి మనిషికి సోకదు. 2024లో కేరళలో పిల్లలు ఈ వ్యాధితో మరణించారు. వ్యాధి అరుదైనదే అయినా సోకినవారిలో బతికేవారు బహు కొద్దిమంది. క్లోరిన్ ఈ అమీబాను అదుపు చేస్తుంది, కానీ అది శుద్ధి భాగంలోని సూక్ష్మజీవుల పొరను కూడా చంపుతుంది. అందువల్ల మొక్కల కొలనులో ముక్కు క్లిప్పు ధరించడం, తల ముంచకుండా ఈదడం, అడుగు బురదను కదపకుండా ఉండటం తప్పనిసరి. తీవ్రమైన వేసవిలో నీరు బాగా వేడెక్కి, మట్టం తగ్గినప్పుడు ఈత మానివేయాలి. ఈత తరువాత కొద్ది రోజుల్లో తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, కొలనులో ఈదిన విషయం వైద్యునికి తెలపాలి.

పశువులను, కుక్కలను నీటిలోకి దిగనీయకూడదు. ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాపిస్తుంది కనుక పరిసరాలను శుభ్రంగా ఉంచాలి. శుద్ధి భాగంలో దోమ లార్వాలను వారానికి ఒకసారి గమనించాలి. మేత వేసి చేపలు పెంచితే మేతతో పాటు భాస్వరం కూడా చేరుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి బహిరంగ స్నానానికి నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం 100 మి.లీ. నీటిలో మొత్తం కోలిఫాం 500 మించరాదు, బి.ఒ.డి. లీటరుకు 3 మి.గ్రా. మించరాదు, ఉదజని సూచిక 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఈత కాలంలో నెలకు ఒకసారి నీటిని పరీక్షించడం అవసరం.

విస్తరణ సిబ్బందికి సూచనలు

కోత, శుభ్రత, నీటి పరీక్ష క్రమంగా చేయలేని కుటుంబానికి మొక్కల కొలను తగినది కాదు. అటువంటి వారికి వడపోత, క్లోరిన్ గల చిన్న సిమెంటు తొట్టి సురక్షితం. ఈ మాట ముందుగానే స్పష్టంగా చెప్పడం విస్తరణ సిబ్బంది బాధ్యత.

కొలను కట్టుకునే రైతులు కొద్దిమందే. సేద్యపు కుంటలున్న రైతులు చాలామంది. కొలనుకు వర్తించే మొదటి సూత్రం వారికి మరింత అవసరం. ప్లాస్టిక్ పొర పరిచిన ప్రతి కుంటకు కంచె ఉండాలి. ప్రతి వైపునా గట్టు మీది బలమైన గుంజకు కట్టి, నీటి అడుగు వరకు వేలాడే ముడుల తాడు గానీ, పాత టైర్లతో కట్టిన నిచ్చెన గానీ ఉండాలి. గట్టు మీద గాలి నింపిన ట్యూబు, పొడవాటి వెదురు గెడ సిద్ధంగా ఉంచాలి. మునుగుతున్నవారిని కాపాడేందుకు నీటిలోకి దూకకుండా, గెడ అందించడమో, ట్యూబు విసరడమో చేసి 108కి ఫోన్ చేయాలని ఇంటిల్లిపాదికీ నేర్పాలి. కుంట కొలతలు తీసుకునే రోజునే ఈ ఏర్పాట్లను అంచనాలో చేర్చితే వాటికయ్యే ఖర్చు స్వల్పం. కుంటలోకి నీరు చేరే దారిని లెక్కగట్టినంత శ్రద్ధగా, అందులో పడిన పిల్లవాడు బయటికి వచ్చే దారిని కూడా లెక్కగట్టాలి.