సంద్రంలో స్కూటర్... కొనేది తిరిగి రావడానికే!

బటన్ నొక్కితే చాలు, ప్రొపెల్లర్ నీళ్లను వెనక్కి నెడుతూ డైవర్‌ని ముందుకు లాక్కెళ్తుంది. కాళ్లు ఆడించే శ్రమ లేదు, ఆయాసం లేదు. 1941 డిసెంబరులో ఇటలీ నావికులు నీటి అడుగున నడిచే వాహనాలెక్కి అలెగ్జాండ్రియా రేవులోకి చొరబడ్డారు, రెండు బ్రిటిష్ యుద్ధనౌకలను దెబ్బతీశారు. ఆ కోవకు చెందిన స్కూటర్లను 1965లో జేమ్స్‌బాండ్ సినిమా ‘థండర్‌బాల్’ వెండితెర మీద పరుగులు పెట్టించింది. ఇప్పుడవి ఎవరైనా కొనుక్కోగల సరుకు. రుషికొండలోనో, నేత్రాణిలోనో, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో స్కూబా రుచి మరిగినవారి కన్ను వాటిమీద పడటం సహజమే. అయితే ఏది కొనాలి?

వేగానికి మురిసిపోవద్దు

ప్రకటనల్లో ముందు కనిపించేది గరిష్ఠ వేగం. కానీ నీటిలో వేగం రెట్టింపు కావాలంటే మోటారుకు దాదాపు ఎనిమిది రెట్లు శక్తి కావాలి. అంటే అదే బ్యాటరీతో వెళ్లగలిగే దూరం నాలుగోవంతుకు పడిపోతుంది. అందుకే ‘గంట నడుస్తుంది’ అని ఎవరైనా చెబితే, ‘ఏ వేగంలో?’ అని అడగండి.

మూడు వాటాల లెక్క

రోడ్డు మీద పెట్రోలు అయిపోతే బండిని తోసుకుంటూ రావచ్చు. సముద్రంలో ఎదురు ప్రవాహం ఉంటే ఆ అవకాశమూ ఉండదు. అనుభవజ్ఞులు బ్యాటరీని మూడు వాటాలు చేస్తారు: వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకు ఒకటి. స్కూటర్ మొరాయించినా, సిలిండర్లో మిగిలిన గాలితో ఫిన్స్ ఆడిస్తూ క్షేమంగా బయటపడగలిగినంత దూరమే వెళ్లాలి.

లోతు... తూకం

ప్రాథమిక కోర్సు చేసినవారి పరిమితి 18 మీటర్లు; సరదా డైవింగ్‌కు హద్దు 40 మీటర్లు. స్నార్కెలింగ్ కోసం చేసిన బొమ్మలాంటి స్కూటర్లు అంత ఒత్తిడికి తట్టుకోవు. మీరు దిగే లోతు కన్నా ఎక్కువ పరిమితి ఉన్నదాన్నే ఎంచుకోండి.

నీటిలో అది తేలకుండా, మునగకుండా ఉండాలి. ఇరవై లీటర్ల ఘనపరిమాణమున్న స్కూటర్‌కు మంచినీటిలో కన్నా ఉప్పునీటిలో అరకిలో తేలుడు ఎక్కువ. స్విమ్మింగ్‌పూల్‌లో సరిగ్గా కుదిరిందని సంబరపడితే సముద్రంలో అది పైకి లాగుతుంది. బరువులు చేర్చే ఏర్పాటు ఉందో లేదో చూడండి.

అసలు ప్రమాదం పైకి దూసుకెళ్లడంలోనే ఉంది. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి ఉపరితలానికి వచ్చేసరికి రెండింతలకు వ్యాకోచిస్తుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లవచ్చు. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా, ఊపిరి ఆడిస్తూ రావాలి. కాబట్టి బటన్ మీద వేలు తీయగానే ఠక్కున ఆగిపోయే స్కూటరే కావాలి.

విమానం ఎక్కుతుందా?

అండమాన్ వెళ్లాలంటే చాలామందికి విమానమే దారి. వోల్టులను యాంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. విడి లిథియం బ్యాటరీ 100 వాట్-అవర్లలోపు ఉంటే చేతిసంచిలో తీసుకెళ్లవచ్చు. 100 నుంచి 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. ఆపైన ఉంటే ప్రయాణికుల సామానులో చోటు లేదు. పెద్ద స్కూటర్ కొనేవారు అక్కడే అద్దెకు దొరుకుతుందేమో ముందు కనుక్కోవడం మేలు.

చిన్నవే, కానీ కీలకం

ప్రొపెల్లర్ చుట్టూ రక్షణ చట్రం ఉండాలి. వేలాడే పట్టీలు, జుట్టు అందులో చిక్కుకుంటాయి. పెద్ద స్కూటర్‌ను తాడుతో నడుము కింది పట్టీకున్న డీ-రింగ్‌కు తగిలిస్తే చేతులకు శ్రమ తగ్గుతుంది. ప్రతి డైవ్ తర్వాత మంచినీటితో కడగాలి. నీరు లోపలికి చొరబడకుండా ఆపే ఓ-రింగ్‌కు ఇసుకరేణువు అంటుకున్నా బ్యాటరీకి ముప్పే.

చివరిగా ఒక మాట. ఇద్దరు కలిసి దిగే చోట ఒక్కరికే స్కూటర్ ఉంటే రెండో మనిషి వెనకబడిపోతాడు, తోడు అన్న మాటకే అర్థం ఉండదు. డబ్బంతా పోసి ఒక పెద్ద స్కూటర్ కొనేకన్నా, ఒకే వేగంతో నడిచే చిన్నవి రెండు తీసుకోండి. ఒకటి ఆగిపోతే రెండోది ఇద్దర్నీ లాక్కొస్తుంది!