మెమో 14 ఎంబీ, సైటు అడిగేది 500 కేబీ

నోటిఫికేషన్ పడిందంటే మా నెట్ సెంటర్‌లో ఒకటే గోల: "అన్నా, ఫైల్ సైజు ఎక్కువుందంటోంది!" టైపు చేసిన పీడీఎఫ్ అయితే ఆ బాధే ఉండదు. స్కాన్ చేసిన మెమోలో ప్రతి పేజీ ఒక ఫొటో. ఏ4 కాగితాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే దాదాపు మూడున్నర కోట్ల చుక్కలు. 150కి దించితే అందులో 16వ వంతే మిగులుతాయి. కుదించడమంటే ముఖ్యంగా ఇదే.

కుదించడానికి నేను వాడేది ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. ఊరూపేరూ లేని సైట్లకు కస్టమర్ ఆధార్ కార్డు ఎక్కించడం నాకు నచ్చదు. ఇందులో 'స్క్రీన్' సెట్టింగ్ బొమ్మల్ని 72 డీపీఐకి దించుతుంది, 'ఈబుక్' 150కి, 'ప్రింటర్' 300కి. స్క్రీన్ పెడితే సీలులో అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకే ఈబుక్. తర్వాత పెద్దది చేసి హాల్‌టికెట్ నంబరు, సంతకం చూడాల్సిందే.

అంకెల విషయంలో నాది చాదస్తమే అనుకోండి. కానీ 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే అతను ఒక వింత బయటపెట్టాడు: కొన్ని జిరాక్స్ యంత్రాలు స్కాన్‌లో 6ని 8గా మార్చేస్తున్నాయి! ఒకేలా కనిపించే ఆకారాల్ని ఒక్కసారే దాచుకుని, మిగతా చోట్ల దాన్నే అతికించే కుదింపు పద్ధతి అది. మసక ఉంటే తప్పు తెలిసేది. అక్కడ అంకె నిగనిగలాడుతూ తప్పుగా ఉంది.

"జిప్ చేస్తే సరిపోదా?" అంటారు కొందరు. లాభం లేదు. లోపలి ఫొటోలు ముందే జేపెగ్‌గా కుదించి ఉంటాయి, ఇంకా పిండితే రాలేదేమీ ఉండదు.