పెట్టుడు కాలు, ఊతకట్టు: వానిని అమర్చు నిపుణుని పని

యుద్ధమున కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలు అమర్చిరని ఋగ్వేదమున ఒక ప్రస్తావన కలదు. కాలు పోయిన మనుష్యుని మరల నడిపింపవలెనను కోరిక ఎంత ప్రాచీనమైనదో చెప్పుటకు ఆ ఒక్క మాట చాలును. అయితే అశ్వినులు ఆ కాలికి కొలత ఎట్లు తీసిరో, అది మొండికి ఒరసికొనకుండ ఎట్లు కుదిర్చిరో ఆ కథలో లేదు. నేటి క్లినిక్కులో జరుగు పనియంతయు అక్కడనే ఉన్నది. ఆ పనిని గూర్చియు, దానిని చేయువారిని గూర్చియు, వారియొద్దకు పోవలసినవారు ముందుగా తెలిసికొనదగిన విషయములను గూర్చియు ఇందు వివరింపబడినది.

పోయిన అవయవమునకు బదులుగా సాధనమును తయారుచేయు నిపుణుని ప్రాస్థెటిస్టు అందురు. ఉన్న అవయవము బలహీనమైనపుడు గాని, వంకరపోయినపుడు గాని దానికి ఊతగా కట్టు సాధనమును తయారుచేయువారు ఆర్థోటిస్టు. మన దేశమున ఈ రెండు విద్యలను ఒక్కరే అభ్యసింతురు. ఈ పేర్లకు సంస్కృత సమాసములు కల్పింపవచ్చును, కల్పించినవారును కలరు. కాని క్లినిక్కు వరండాలో వేచియున్నవారు ఆ సమాసములను వాడరు. వారికి మొదటిది పెట్టుడు కాలు లేక జైపూరు కాలు. రెండవది కాలిపరు లేక బెల్టు. పెట్టుడు పళ్ళు అనుట ఎంత సహజమో పెట్టుడు కాలు అనుటయు అంత సహజము. కనుక ఇందు ఆ మాటనే వాడుచున్నాము.

వచ్చువారిలో అన్ని వయసులవారును ఉందురు. మధుమేహమువలన పాదమునకు స్పర్శ తగ్గి, ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియక, పుండు ముదిరి కాలు తీయించుకొన్నవారు నేడు పెక్కుమంది. రహదారి ప్రమాదములలోను, రైళ్ళక్రిందను కాలు పోగొట్టుకొన్నవారు, యంత్రమున చేయి నలిగినవారు, ఎముకకు కేన్సరు సోకి అవయవమును తొలగింపవలసి వచ్చిన బాలురు, పుట్టుకతోనే చేయి పూర్తిగా ఏర్పడని శిశువులు కూడ వత్తురు. ఊతకట్టు కొరకు వచ్చువారు వేరు. పక్షవాతమువలన పాదము జారిపోయి నేల రాచుకొనుచు నడచువారు, వెన్నెముక ప్రక్కకు వంగిన బాలికలు, వంకర పాదములతో పుట్టిన బిడ్డలు, పోలియో సోకినవారు వీరిలో ముఖ్యులు. మన దేశమున సహజ పోలియో వైరసు కేసులలో చివరిది 2011 జనవరిలో బయటపడినది. 2014 మార్చిలో భారతదేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడినది. అయినను అంతకు పూర్వము ఆ వ్యాధికి గురియైనవారు నేడు పెద్దవారై మనమధ్య ఉన్నారు. వారికి కాలిపరు అవసరము తీరలేదు.

కాలు తీసివేసిన దినమునుండి పెట్టుడు కాలు అమర్చు దినమువరకు గడచు కాలమును గూర్చి ఇచ్చట కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయనగా పెక్కుమంది నష్టపోవుచున్నది ఈ నడిమి కాలముననే.

ఒక రైతు సంగతి తీసికొందము. అతనికి మోకాటిక్రింద కాలు తీసివేసి, కుట్లు విప్పి ఇంటికి పంపిరి. నొప్పి తగ్గునని ఇంటివారు ప్రేమతో మోకాటిక్రింద దిండు పెట్టిరి. దినమంతయు మంచముమీద మోకాలు మడచి కూర్చుండుట అలవాటైనది. ఆరునెలలకు, ఎవరో చెప్పగా, క్లినిక్కునకు వచ్చెను. అప్పటికి మోకాలు వంగినది వంగినట్లే బిగిసిపోయినది. నిటారుగా చాచరాని మోకాటికి కాలు అమర్చుట మిక్కిలి కష్టము. మోకాలు మిగిలినవాడు తక్కువ శ్రమతో నడవగలడు. తొడభాగమున కాలు తీసినవానికి అంత దూరమే నడచుటకు ఎంతో అధికమైన శక్తి వలయును. అందుచేతనే శస్త్రవైద్యులు వీలున్నంతవరకు మోకాటిని నిలుపుదురు. అట్లు నిలిపిన మోకాటిని ఒక దిండు నిష్ప్రయోజనము చేయగలదు.

కనుక మొండిక్రింద దిండు పెట్టరాదు. కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాలు చాచియుండునట్లు క్రింద ఒక పలక అమర్చుకొనవలెను. దినమునకు కొన్ని పర్యాయములు బోరగిలి పరుండవలెను. దానివలన తుంటి బిగిసిపోకుండును. వైద్యుడు చెప్పినప్పటినుండి సాగెడి గుడ్డకట్టును మొండి చివర బిగువుగాను, పైకి పోవుకొలది వదులుగాను, 8 అంకె ఆకారమున చుట్టవలెను. గాజు తొడిగినట్లు అడ్డముగా చుట్టినచో రక్తప్రసారము ఆగి మొండి చివర ఉబ్బును. కట్టు వదులైనప్పుడెల్ల విప్పి మరల చుట్టవలెను. గాయము మానిన పిదప సబ్బుతో కడిగి పొడిగా తుడిచినచో చాలును. ఆకుపసరులు, వేడి కాపడములు కూడవు. వాపు తీసి, మొండికి ఒక ఆకారము ఏర్పడుటకు సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. వాపు తీయకముందే కాలు చేయించుమని తొందరపెట్టువారిని నిపుణులు తిరిగి పంపుదురు. అది నిర్దయ కాదు. ఆనాడు కుదిరిన కాలు నెల తిరుగకమునుపే వదులగును.

క్లినిక్కున మొదట జరుగునది కొలత కాదు, సంభాషణ. ఇంటిలో మెట్లున్నవా? మరుగుదొడ్డి ఏ విధమైనది? బ్రతుకుతెరువు మడిలోనా, దుకాణములోనా, బల్లయొద్దనా? రెండవ కాలు ఎట్లున్నది? మధుమేహమున్నవారి విషయమున ఈ చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. ఇక రోగి సిగ్గుపడుచు చెప్పు మాట ఒకటి కలదు. లేని పాదము దురద పెట్టుచున్నదనియు, లేని వ్రేళ్ళు మెలిపెట్టినట్లు నొప్పిగా నున్నవనియు అతడు చెప్పును. ఇంటివారు దానిని గాలి సోకినదనియో, మతి చలించినదనియో అనుకొందురు. అది అట్టిది కాదు. పాదము పోయినను, మెదడులో ఆ పాదమునకు చెందిన భాగము ఉండనే యున్నది. అమెరికా వైద్యుడు సైలాస్ వెయిర్ మిచెల్ 1871లో ఈ అనుభవమునకు భ్రాంత్యవయవము అను అర్థము వచ్చు పేరు పెట్టెను. దానిని దాచక వైద్యునితో చెప్పినచో తగిన చికిత్స లభించును.

తరువాత అచ్చు తీయుట. మొండికి పలుచని మేజోడు తొడిగి, దానిపై ఒక విధమైన సిరా పెన్సిలుతో నిపుణుడు గుర్తులు పెట్టును. మోకాటి చిప్ప ఎక్కడ, దాని క్రింది స్నాయువు ఎక్కడ, బయటి ప్రక్కన పొడుచుకొని వచ్చిన సన్నయెముక తల ఎక్కడ, ముందుభాగమున చర్మముక్రింద చేతికి తగులు ఎముక అంచు ఎక్కడ అని వ్రేళ్ళతో తడిమి గుర్తించును. తడి ప్లాస్టరుపట్టీ చుట్టగా ఆ గుర్తులు ప్లాస్టరు లోపలితట్టునకు ఎక్కును. ప్లాస్టరు గట్టిపడు ఆ కొద్ది నిమిషములలో మోకాటి చిప్పక్రింది స్నాయువునకు ఇరుప్రక్కల బొటనవ్రేళ్ళతో నొక్కి పట్టియుంచును. ఊడదీసిన అచ్చులో ప్లాస్టరు ముద్ద పోసినచో, అది గట్టిపడి మొండికి ప్రతిరూపమైన దిమ్మ తయారగును.

ఆ దిమ్మ మొండిని యథాతథముగా పోలియున్నది. అయినను దానిపై నేరుగా సాకెట్టు, అనగా మొండిని పట్టియుండు ఒర, పోసినచో అది పనికిరాదు. మనము నిలుచున్నప్పుడు బరువు అరికాలిమీద పడును. అరికాలి చర్మము అందులకు తగినట్లు దళసరిగా నున్నది. మొండికి అరికాలు లేదు. కావున బరువును ఓర్చు చోట్లను వెదకి అక్కడ మోపవలెను. ఓర్వని చోట్లను తప్పింపవలెను. మోకాటి చిప్పక్రింది స్నాయువు, పిక్క కండరము ఓర్చును. ఎముక అంచు ఓర్వదు. సన్నయెముక తలయు ఓర్వదు; దాని ప్రక్కగా నరము పోవుచున్నది. అందుచేత ఓర్చు చోట దిమ్మను ఆకురాయితో కొంత అరగదీయుదురు. ఓర్వని చోట ప్లాస్టరు కొంత చేర్చుదురు. దిమ్మపై తొలగించిన చోట సాకెట్టు బిగియును. చేర్చిన చోట వదులగును. ఎంత తొలగింపవలెను, ఎంత చేర్చవలెను అనునది ఏ గ్రంథమును పూర్తిగా చెప్పజాలదు. మొండిని తడిమిన వ్రేళ్ళ జ్ఞాపకమే ఇచ్చట నిర్ణయించును. ఈ వృత్తిలో నైపుణ్యమునకు పరీక్ష ఇదియేయని మా అభిప్రాయము. నేడు కొన్ని క్లినిక్కులలో ప్లాస్టరునకు బదులు స్కానరుతో ఆకారమును గ్రహించి కంప్యూటరుపై ఈ సవరణలు చేయుచున్నారు. సాధనము మారినను ప్రశ్న మారలేదు.

సవరించిన దిమ్మపై, ఓవెనులో మెత్తబడిన పాలీప్రొపిలీను రేకును కప్పి, లోపలి గాలిని పీల్చివేయగా అది దిమ్మకు అంటుకొని సాకెట్టగును. నీటిపారుదలకు వాడు గట్టి ప్లాస్టికు గొట్టమునే కాచి దిమ్మపై సాగదీయు పద్ధతియు మన దేశమున కలదు. సాకెట్టుక్రింద కాడయు, దానిక్రింద పాదమును అమర్చుదురు.

ఇక కూర్పు. రోగిని రెండు సమాంతరపు కమ్ముల నడుమ నిలిపి, నిపుణుడు తన రెండు చేతులను అతని నడుమునకు ఇరుప్రక్కల ఆనించి ఎత్తు సమానముగా నున్నదా అని చూచును. తరువాత నడిపించి ముందునుండియు, వెనుకనుండియు, ప్రక్కనుండియు పరిశీలించును. పాదము ఉండవలసినదానికంటె వెనుకగా నున్నచో మోకాలు ముందునకు విరుగును. ముందుగా నున్నచో మోకాలు వెనుకకు నెట్టబడును. కాలు పొడుగైనచో దానిని చాట తిప్పినట్లు ప్రక్కకు త్రిప్పి వేయును. అనుభవజ్ఞులు చెవితో కూడ గ్రహింతురు. రెండు అడుగుల చప్పుడు సమానముగా లేదనగా ఎక్కడనో లోపమున్నదని అర్థము.

మన ప్రజలు నేలపై కూర్చుందురు, గొంతుకూర్చుందురు, చెప్పులులేక పొలమున దిగుదురు. పాశ్చాత్య దేశములలో 1950వ దశకమున రూపొందిన బిగువు చీలమండ గల పాదము బూటులో నుంచి నడచుటకు మంచిదే గాని, మడిలో దిగుటకు గాని, బాసింపట్టు వేయుటకు గాని అనుకూలింపదు. ఈ కొరతను జైపూరు సవాయి మాన్‌సింగ్ వైద్యశాలలో డాక్టరు పి. కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ 1960వ దశకపు చివరిభాగమున తీర్చిరి. ఆ శిల్పికి పాఠశాల చదువు స్వల్పము, చేతిపనిలో నేర్పు అపారము. టైర్లకు రబ్బరు వేయు దుకాణపు పనిని చూచినప్పుడు ఆయనకు ఆలోచన తట్టినదని చెప్పుదురు. రబ్బరు, కొయ్య, టైరు దారము చేర్చి కాచిన ఆ పాదము అన్నివైపులకు కదలును, బూటు అక్కరలేదు. డాక్టరు సేఠీకి 1981లో మెగసెసే పురస్కారము లభించెను. తెలుగువారికి ఈ పాదము మయూరి చిత్రమువలన సుపరిచితమైనది. 1981లో బస్సు ప్రమాదమువలన కాలు కోల్పోయి, జైపూరు పాదముతో మరల నృత్యమాడిన సుధాచంద్రన్ 1985లో వచ్చిన ఆ చిత్రమున తన పాత్రను తానే ధరించెను.

ఊతకట్ల విషయమున బరువు ఒక పెద్ద సమస్య. ఇనుప కడ్డీలు, తోలుపట్టీలు గల పాత కాలిపరులు మూడు కిలోలకు పైబడి యుండెడివి. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలకు వచ్చిన నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఎముకల వైద్యుడొకరు అచ్చటి తేలిక పదార్థమును చేతబట్టి చూచి, డాక్టరు ఎ. పి. జె. అబ్దుల్ కలామును తన వార్డునకు తీసికొనిపోయి, బరువైన కాలిపరులు ఈడ్చుచున్న పిల్లలను చూపిరి. అగ్ని క్షిపణి కొరకు రూపొందిన ఆ పదార్థముతో 300 గ్రాముల కాలిపరు తయారైనది. ఈ వృత్తాంతమును కలాముగారు పెక్కు సభలలో చెప్పియున్నారు.

వంకర పాదములతో పుట్టిన బిడ్డల తల్లిదండ్రులు ఒక సంగతి గమనింపవలెను. వారము వారము ప్లాస్టరు మార్చు పోన్సెటి పద్ధతివలన పాదము కొద్ది వారములలోనే చక్కబడును. అయితే చక్కబడినదని కడ్డీబూట్లను మానిపించినచో వంకర మరల వచ్చును. మొదటి మూడు నెలలు దినమునకు 23 గంటలును, పిదప నాలుగేండ్ల వయసువరకు నిద్రించునప్పుడును వానిని తొడుగవలెను. బిడ్డ ఏడ్చుచున్నదను జాలితో తీసివేయు రాత్రులే చికిత్సను చెరచుచున్నవి. కుష్ఠు గాని, మధుమేహము గాని వలన పాదమున స్పర్శ పోయినవారికి మెత్తని సూక్ష్మరంధ్ర రబ్బరు చెప్పులు కూడ ఊతసాధనములే. చూపునకు సామాన్యమైన ఈ చెప్పులు కాలు తీయవలసిన అవసరమునే తప్పింపగలవు.

పెట్టుడు కాలు అందిన దినముతో పని ముగియదు. మొండి ఏడాది పర్యంతము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, సన్నబడుచుండును. అందుచేత మొదటి కాలు తాత్కాలికమని ఎరుగవలెను. వదులైనకొలది మేజోళ్ళు హెచ్చింపవలెను. అప్పటికిని కుదరనిచో సాకెట్టు మార్పింపవలెను. ప్రతిరాత్రి కాలు తీసి, అద్దము సాయమున మొండి అడుగుభాగమును చూచుకొనవలెను. ఎఱ్ఱదనము పది నిమిషములలో మాయమైనచో భయములేదు. మాయము కానిచో, బొబ్బ లేచినచో, కాలు తొడుగక క్లినిక్కునకు పోవలెను. నొప్పి పెట్టుచున్నదని కాలిని అటకెక్కించి మరల చంకకర్రలు పట్టినవారు ఎందరో కలరు. వారిలో పెక్కుమందికి కావలసినది సాకెట్టులో ఒక్కచోట చిన్న సవరణ మాత్రమే, అరగంట పని. ఎదుగు పిల్లలకు మాత్రము కాలు పలుమారులు మార్పక తప్పదు.

ఈ విద్యకు ఇంటర్మీడియేటు పిదప నాలుగున్నర సంవత్సరముల పట్టపాఠ్యము కలదు. ముంబయిలో 1955లో వెలసిన అఖిలభారత సంస్థ, కొలకత్తా, కటకము సమీపమున గల ఒలత్పూరు మున్నగు చోట్ల గల జాతీయ సంస్థలు దీనిని బోధించుచున్నవి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము ప్రకారము ఆ మండలిలో పేరు నమోదైనవారే ఈ వృత్తి చేయదగుదురు. ఆ నమోదు పత్రమును చూపుమని అడుగుట తప్పు కాదు. పేదవారికి సాధనములు ఇచ్చుటకు 1981 నుండి కేంద్ర ప్రభుత్వ పథకము అమలులో నున్నది. జిల్లా వికలాంగుల పునరావాస కేంద్రమున గాని, ప్రభుత్వ వైద్యశాలలోని ఎముకల విభాగమున గాని వివరములు తెలియును.

పోవునప్పుడు వైద్యశాల కాగితములు, వైకల్య గుర్తింపు కార్డు, ఆదాయ పత్రము వెంట నుండవలెను. నిత్యము తొడుగు చెప్పుల జతను కూడ తీసికొనిపోవలెను. తెగిన కాలి చెప్పును సైతము పారవేయరాదు. మడమ ఎత్తు ఒక అంగుళము మారినను కూర్పు చెడును గనుక, నిపుణుడు ఆ చెప్పుల ఎత్తును చూచియే పాదమును బిగించును.