చలి కంటె ముందు వచ్చేది గాలివాన

పిల్లలూ! శీతదేశాల్లో చలికాలం దగ్గరపడితే మొక్కల మొదళ్ళకు ఎండుటాకులు కప్పుతారు. నేల గడ్డకట్టి వేళ్ళు దెబ్బతినకూడదని వారి జాగ్రత్త. మన కాకినాడలో ఆ బెడద లేదు. కాని చలికి ముందు, అక్టోబరు, నవంబరు నెలల్లో, బంగాళాఖాతంలో తుపానులు పుడతాయి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానుకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. కనుక మన పెరడును సిద్ధం చేయవలసింది ముందుగా గాలివానకు.

గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు ఎంత పెరుగుతుంది? రెట్టింపు కాదు, నాలుగు రెట్లు! ఎందుచేత? సెకనులో చెట్టును తాకే గాలి రెట్టింపవుతుంది. ప్రతి కిలో గాలి కొట్టే దెబ్బ కూడా రెట్టింపవుతుంది. రెండు రెళ్ళు నాలుగు. అలాగే వేగం మూడింతలయితే తోపుడు తొమ్మిది రెట్లు. గాలికి అడ్డుపడే కొమ్మలు, ఆకులు ఎక్కువైనకొద్దీ ఈ తోపుడు ఇంకా పెరుగుతుంది.

అందుకే ఇంటిమీదికి వాలిన మునగకొమ్మలను ముందే కొట్టించాలి. మునగకర్ర మెత్తన, సులువుగా విరుగుతుంది. అరటికి అసలు మానే లేదు. మనకు కనిపించేది ఆకుతొడిమల చుట్ట. గెల వేసిన చెట్టుకు వెదురుగెడ ఊతం పెట్టాలి. కొబ్బరిచెట్టు నుండి ఎండుమట్టలు, ముదురుకాయలు దింపించాలి. పచ్చమట్టలు మాత్రం నరకరాదు. చెట్టుకు ఆహారం తయారుచేసేవి అవే. ఈ పనులు అలవాటున్న పెద్దలవి, మీవి కావు.

ఇక నీరు. వేళ్ళు కూడా ఊపిరి పీల్చుకుంటాయి. మట్టిరేణువుల సందుల్లో నీరు నిండితే, ఆక్సిజన్ గాలిలో కంటె సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వేళ్ళు ఉక్కిరిబిక్కిరవుతాయి. పైగా నానిన నేల వేళ్ళను గట్టిగా పట్టి ఉంచలేదు. కాబట్టి మొదళ్ళకు మట్టి ఎగదోసి, నీరు బయటికి పోయేలా వాలుగా చిన్న కాలువ తీయాలి.

కొబ్బరిచిప్పలు, పాత టైర్లు ఏరివేయండి. వాటిలో నిలిచిన నీటిలో వారం పది రోజుల్లోనే గుడ్డు డెంగ్యూ దోమగా మారుతుంది. ఆ గుడ్లు నీరు లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి. కనుక తొట్టిలో నీరు పారబోస్తే చాలదు, లోపలి అంచులు రుద్ది కడగాలి.

ఈ ఆదివారం మీ పెరడు పరీక్షించండి. ఏ కొమ్మ విరిగితే ఎక్కడ పడుతుంది? వాననీరు ఎటు పారుతుంది? ఎక్కడ నిలుస్తుంది? జవాబులు రాసి ఇంట్లో పెద్దలకు చూపండి. వానలు వెనుకబట్టాక, ఆ మడుల్లోనే బంతి, కొత్తిమీర హాయిగా పెంచుకోవచ్చు.