ఎడమ కాలికీ ఒక టోర్నమెంటు

డెల్టా గ్రామాల్లో ఏ ఊరికి వెళ్ళినా రామాలయం పక్కనో, హైస్కూలు వెనుకనో రెండు కర్రలకు కట్టిన వాలీబాల్ నెట్టు కనిపిస్తుంది. ఫుట్‌బాల్ గోలు స్తంభాలు మాత్రం వెతికితే గాని కనిపించవు. ఇందుకు కుర్రాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. వాలీబాల్ కోర్టుకు నాలుగు సెంట్ల చోటు చాలు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల అంతర్జాతీయ ఫుట్‌బాల్ మైదానానికి ఎకరం 76 సెంట్లు కావాలి. రెండు పంటలు పండే భూమిలో అంత చోటు ఆటకు వదిలే రైతు ఎవరు?

అయితే పిల్లలు ఆట నేర్వడానికి అంత మైదానం అక్కరలేదు. జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే ఫుట్‌సాల్ కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. అంటే ఇరవై సెంట్లు. చోటు కంటే ముఖ్యమైనది పిల్లలను ఎలా ఆడించాలో తెలిసిన మాస్టారు. అటువంటి మాస్టారు ఒకాయన హైదరాబాదులో ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అని పిలిచేవారు.

1909లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకుంది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే అనుకునే రోజులు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి పేరుమోసిన జట్లు ఉండగా పోలీసు జట్టు ఒకటి దక్షిణాది నుంచి వెళ్ళి కప్పులు పట్టుకురావడం మామూలు విషయం కాదు.

రహీం సాబ్ కిటుకు ఆయన పెట్టిన పోటీల్లో ఉంది. సాధారణంగా టోర్నమెంటు అంటే ఎవరు గెలుస్తారో తేల్చడానికి పెడతారు. ఈయన మాత్రం ఆటగాడిలోని లోపం పోగొట్టడానికి పెట్టేవారు. బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ ఒక్కడే ముందుకు పోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో ఆయన ఒక టోర్నమెంటు నడిపారు. వాటం లేని కాలితోనే బంతి తన్నాలనే నిబంధనతో మరొకటి నడిపారు.

వినడానికి ఇది తమాషాగా ఉంటుంది. ఆడిచూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఏ ఊరి జట్టులోనైనా మంచి ఒడుపున్న కుర్రాడు ఒకడుంటాడు. బంతి వాడి కాలికి దొరికిందంటే ఇక ఎవరికీ ఇవ్వడు. ముగ్గుర్ని తప్పిస్తాడు, నాలుగో వాడి దగ్గర పోగొట్టుకుంటాడు. గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఈలలు వేస్తారు గాని జట్టుకు గోలు రాదు. డ్రిబ్లింగ్ కూడదన్న నిబంధన వచ్చిన రోజున వాడు తలెత్తి చూడక తప్పదు. ఎడమవైపు ఖాళీగా ఎవరున్నారు, వెనుక నుంచి ఎవరు వస్తున్నారు అన్నది అప్పుడు కంటికి ఆనుతుంది. ఇంతవరకు బంతి ముట్టని బక్క పిల్లాడికి కూడా పది సార్లు బంతి అందుతుంది. వాడూ ఆట నేర్చుకుంటాడు. ఎడమ కాలి పోటీ ఇంకొక రకం మందు. అందులో ఊరి మొనగాడు, నిన్న చేరిన కుర్రాడు ఇద్దరూ ఒకేలా తడబడతారు. మొనగాడి గర్వం కాస్త తగ్గుతుంది, కొత్తవాడి బెరుకు కాస్త తీరుతుంది.

మన ఊళ్ళలో మరో ఆనవాయితీ ఉంది. లావుగా ఉన్నవాణ్ణో, పరుగెత్తలేనివాణ్ణో గోలులో నిలబెట్టి, గోలు పడితే వాణ్ణి తిట్టడం. వంతులవారీగా అందరినీ గోలులో నిలబెడితే తిట్లు వాటంతటవే ఆగిపోతాయి.

రహీం సాబ్ పద్ధతి దేశం జట్టుకు ఎంత ఉపకరించిందో ఒకే ప్రత్యర్థితో జరిగిన రెండు ఆటలు చూస్తే తెలుస్తుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో చిత్తుగా ఓడారు. నాలుగేళ్ళ తర్వాత 1956లో మెల్‌బోర్న్‌లో అదే యుగోస్లావియాతో సెమీ ఫైనల్ ఆడారు. అంతకు ముందు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మరీ అక్కడికి చేరారు. సెమీస్‌లో మొదటి గోలు మనదే. చివరకు 1-4తో ఓడి నాలుగో స్థానంతో తిరిగివచ్చినా, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఇప్పటివరకు అంతకు మించి పోలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్‌తో ఆటలో వెనుక వరుసలో గోలు కాపాడే జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడ్డాయి. ఇటువంటప్పుడు ఎవరైనా అతణ్ణి కూర్చోబెడతారు. రహీం సాబ్ అతణ్ణి ముందు వరుసకు మార్చారు. ఏళ్ళ తరబడి గోలు ఆపిన మనిషి గోలు కొట్టే పనికి దిగాడు. తలకు కట్టుతోనే ఆడి సెమీ ఫైనల్‌లో ఒక గోలు, ఫైనల్‌లో ఒక గోలు కొట్టాడు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్‌లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణ పతకం తెచ్చారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి సంవత్సరం జూన్ 11న కన్నుమూశారు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది.

ఆ స్వర్ణ పతకం జట్టులో తులసీదాస్ బలరాం ఒకడు. 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టాడు. కుర్రవాడి ఆట చూసిన రహీం, హైదరాబాదు వచ్చి సాధన చేయమన్నారు. రానుపోను ఖర్చులకు డబ్బు లేదని కుర్రవాడు చెప్పగా అద్దె సైకిలుకు పైకం తానే ఇచ్చారు. ఆ సైకిలు తొక్కిన కుర్రవాడు మెల్‌బోర్న్ వెళ్ళాడు. వరుసగా రెండేళ్ళు, 1956, 1957లలో, సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్ళు కొట్టాడు. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. అర్జున అవార్డు అందుకున్నాడు. జబ్బు చేసి ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళకే ఆట మానుకోవలసి రావడం విచారకరం. 2023 ఫిబ్రవరి 16న ఆయన కాలం చేశారు.

‘ఆటల్లో పడితే చదువు పోతుంది’ అనే తలిదండ్రుల భయం కొట్టిపారేయదగినది కాదు. బలరాం వంటివారు వేలల్లో ఒకరు. కాని జట్టులో ఆడే పిల్లవాడు మైదానంలో నేర్చేది బంతి తన్నడం ఒక్కటే కాదు. పక్కవాడి పొరపాటుకు మండిపడకుండా ఉండటం, ఇచ్చిన చోట నిలబడి పని చేయడం కూడా నేరుస్తాడు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్‌నే చూడండి. 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్‌లో తన జోడీ చిరాగ్ శెట్టితో కలిసి తొలి గేము పోగొట్టుకున్నా, మిగతా రెండూ గెలిచి ఇండొనీషియా మీద దేశానికి ఆధిక్యం పెంచాడు. బ్యాడ్మింటన్ వేరు, ఫుట్‌బాల్ వేరు. అయినా డబుల్స్ అంటే రెండు జతల కాళ్ళు ఒక్క మాట మీద నడవడమే.

ఆడపిల్లలకు ఈ ఆట తగదనుకునేవారికి గుగులోత్ సౌమ్య పేరు చెప్పాలి. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఈ తండా పిల్ల భారత జట్టుకు ఆడటమే కాక, 2022లో క్రొయేషియా దేశంలోని దినమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. కరువు సీమ అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు కూడా పల్లెల పిల్లలకు, ఆడ మగ తేడా లేకుండా, ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చింది. మన డెల్టాతో పోలిస్తే అక్కడ ఉన్నది రాళ్ళ నేల, ఎర్రటి ఎండ.

ఇక్కడి చిక్కు నేలతో కాదు, కాలంతో. సార్వా, దాళ్వా నడిచే రోజుల్లో చేను దొరకదు. వానాకాలం హైస్కూలు ఆవరణలు నీళ్ళు నిలిచి బురదవుతాయి. దాళ్వా కోతలయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో కాలవలు కట్టేస్తారు. అపరాలు చల్లని చేలల్లో ఇరవై సెంట్ల ముక్క అడిగితే కాదనే రైతులు తక్కువ. అయితే మోళ్ళు గుచ్చుకుంటాయి, బీటల్లో కాలు మడత పడుతుంది. ముందు మోళ్ళు కోసి, మట్టి కొట్టి, నాలుగు బిందెల నీళ్ళు చల్లి అణచాలి. బూట్లు లేకపోతే కాన్వాసు జోళ్ళయినా ఉండాలి. ఆట ఉదయం ఎనిమిది లోపే ముగించాలి. బడి సెలవుల్లో ఊళ్ళో ఉండే డ్రిల్లు మాస్టారో, కాలేజీ చదివే కుర్రాడో పూనుకుంటే వారానికో రోజు ఎడమ కాలి పోటీ పెట్టవచ్చు. జూన్‌లో కాలవలకు నీరు వదిలి నారుమళ్ళు దున్నే వరకు ఆ చేలు ఖాళీగానే ఉంటాయి.